నక్కకూ జింకకూ ఒకే రైఫిల్ సరిపోతుందా?

ప్రశ్న: మాది కోనసీమలో ముమ్మిడివరం దగ్గర ఒక పల్లెటూరు. వ్యవసాయశాస్త్రంలో పైచదువుకని ఇంగ్లండు వచ్చి, ఇప్పుడు లింకన్‌షైర్‌లో ఒక పెద్ద కమతంలో మేనేజరుగా పనిచేస్తున్నాను. కోళ్ళను ఆరుబయట తిరగనిచ్చి పెంచుతాము కాబట్టి నక్కల బెడద ఎక్కువ. రో జింకలూ, మంట్‌జాక్ అనే చిన్న జింకలూ కొత్తగా నాటిన చెట్లను కొరికేస్తున్నాయి. తుపాకీ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసుకోమని యజమాని చెప్పారు. ఆయన .243 క్యాలిబర్ (అంటే గుండు వ్యాసం, అంగుళాలలో సుమారుగా) రైఫిల్ కొనమంటారు. అబర్దీన్‌లో ఉన్న మా స్నేహితుడు .223తోనే నక్కలనూ రో జింకలనూ కొడుతున్నానని, అది చాలునని అంటాడు. నాకు మాత్రం .308 మీద మనసుంది. ఏది తీసుకోవాలి? ఇంకొక సంగతి: సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు మా కొబ్బరితోటలోకీ చేపల చెరువు మీదికీ వచ్చే నక్కలను తాతగారి లైసెన్సు తుపాకీతో కొట్టవచ్చునా?

సమాధానం: మీ రెండవ ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే అది చిన్నది, సందేహానికి తావు లేనిది. కొట్టకూడదు. మన దేశంలో నక్క 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన జంతువు. తుపాకీకి లైసెన్సు ఉన్నంత మాత్రాన దానిని చంపే హక్కు రాదు. ఆ లైసెన్సు తాతగారి పేరున ఉన్నది కాబట్టి ఆ తుపాకీతో మీరు కాల్చడం కూడా నేరమే అవుతుంది. పైగా మీ ఊరికి కోరింగ మడ అడవులు ఎంతో దూరం కావు. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ మడల్లో బావురుపిల్లులూ నీటికుక్కలూ తిరుగుతాయి. రాత్రివేళ చెరువుగట్టు మీద కళ్ళు మెరిసిన ప్రతి జంతువూ నక్కే అయి ఉండదు. చెరువు చుట్టూ వల కట్టించి, చచ్చిన చేపలను గట్టు మీద వదలకుండా పూడ్పించమని ఇంట్లో చెప్పండి; నక్క రాక చాలావరకు తగ్గుతుంది. అడవిపందులు చేను తొక్కినా సరే, దారి అటవీశాఖ అనుమతి ద్వారానే గాని సొంత తుపాకీ ద్వారా కాదు.

ఇక రైఫిల్ సంగతికి వస్తాను. స్కాట్లండు ఎస్టేట్లలో జింకల సంఖ్యను అదుపులో ఉంచే పని చాలాకాలం చేసి అమలాపురం తిరిగి వచ్చినవాడిని కాబట్టి, మీ స్నేహితుని మాటా మీ యజమాని మాటా రెండూ నాకు పరిచయమైనవే. మీ స్నేహితుడు చెప్పినది తాను ఉన్న చోటికి అబద్ధం కాదు. అది మీరున్న చోటికి మాత్రం పనికిరాదు, ఎందుకంటే స్కాట్లండుకూ ఇంగ్లండుకూ జింకల చట్టాలు వేరు. స్కాట్లండులో 1985 నాటి ఉత్తర్వు ప్రకారం రో జింకకు గుండు బరువు 50 గ్రెయిన్లు, వేగం సెకనుకు 2450 అడుగులు, బ్యారెల్ మూతి దగ్గర శక్తి 1000 ఫుట్-పౌండ్లు తగ్గకుండా ఉంటే చాలు; .223 రెమింగ్టన్ 55 గ్రెయిన్ల గుండును సుమారు 3240 అడుగుల వేగంతో పంపుతుంది కాబట్టి ఆ గీతను తేలికగా దాటుతుంది. ఇంగ్లండు, వేల్స్‌లకు వర్తించే 1991 నాటి జింకల చట్టం రో జింకను పెద్ద జింకలతో కలిపే లెక్కవేస్తుంది: క్యాలిబర్ .240 అంగుళాలకు, శక్తి 1700 ఫుట్-పౌండ్లకు తగ్గరాదు, గుండు ముందుభాగం మెత్తనిదో బోలుదో అయి ఉండాలి. మంట్‌జాక్‌కూ చైనా నీటిజింకకూ మాత్రమే సడలింపు ఉంది, వాటికి .220 అంగుళాల క్యాలిబర్, 50 గ్రెయిన్ల గుండు, 1000 ఫుట్-పౌండ్ల శక్తి సరిపోతాయి. అంటే లింకన్‌షైర్‌లో .223తో మీరు నక్కను కొట్టవచ్చు, మంట్‌జాక్‌ను కొట్టవచ్చు. అదే చెట్ల వరుసలో నుంచి రో జింక బయటికి వస్తే మాత్రం ఆ రైఫిల్ ఎత్తడానికి వీల్లేదు.

క్యాలిబర్ పట్టికల దగ్గరికి వెళ్ళే ముందు మీ నేల గురించి ఆలోచించాలి. చాలామంది కొత్తవారు రైఫిల్ కొన్న తరువాత గాని దీనిని పట్టించుకోరు. గుండు జంతువును తాకితే ఏమవుతుందో అందరూ అడుగుతారు. తాకకపోతేనో, తాకి బయటికి వస్తేనో ఎక్కడికి పోతుందో అడిగేవారు తక్కువ. స్కాట్లండు కొండల్లో జంతువు వెనక ఎప్పుడూ ఏదో ఒక వాలు ఉంటుంది. లింకన్‌షైర్ ఫెన్ భూములు మన డెల్టాలాగే బల్లపరుపుగా ఉండి, కాలువలూ గట్లూ తప్ప ఎత్తు అనేది కనిపించని నేలలు. జింకను కొట్టే ఏ రైఫిల్ గుండైనా అడ్డులేకపోతే మైళ్ళ దూరం పోగలదు. కాబట్టి జంతువు వెనక ఏటిగట్టువంటి మట్టికట్ట ఉండాలి, లేదా మీరు ఎత్తు మీద నుంచి కిందికి కాల్చాలి. అక్కడ హై సీట్ అని పిలిచేది మన చేలలోని మంచె తప్ప వేరేమీ కాదు. చెట్లు నాటిన మడికి ఒక పక్కన పన్నెండడుగుల ఎత్తున దానిని నిలబెడితే, గుండు ఏటవాలుగా నేలలోకి దిగుతుంది. మీ యజమాని రైఫిల్ కోసం ఎంత ఖర్చు పెట్టదలచుకున్నా, అందులో కొంత రెండు మంచెలకు కేటాయించమని నా మాటగా చెప్పండి. పోలీసులు కూడా కొత్త దరఖాస్తుదారుకు సాధారణంగా తాము ఆ క్యాలిబర్‌కు తగినదని చూసి ఒప్పుకున్న భూమిలోనే కాల్చాలని షరతు పెడతారు కాబట్టి, మంచెలు ఎక్కడ పెడతారో పటం గీసి చూపగలిగితే మీకే మేలు.

మీరు ఇష్టపడ్డ .308 విన్‌చెస్టర్ మంచి తూటా. 1952లో వచ్చింది, బ్రిటన్‌లో ఏ మూలనైనా దొరుకుతుంది, 150 గ్రెయిన్ల గుండుతో సుమారు 2650 ఫుట్-పౌండ్ల శక్తినిస్తుంది, అక్కడి అతిపెద్దదైన రెడ్ డీర్‌కు కూడా చాలినంతది. రో జింకకు అది మరీ ఎక్కువని కొందరు అంటారు గాని నేను ఒప్పుకోను. బరువైన గుండు కాస్త నెమ్మదిగా పోవడం వల్ల మాంసం పాడయ్యేది తక్కువే. నా అభ్యంతరం వేరు. ఇంతవరకు రైఫిల్ భుజాన పెట్టుకోనివారికి దాని వెనకతన్ను .243తో పోలిస్తే రెట్టింపుకు దగ్గరగా ఉంటుంది, మూతి దగ్గర చప్పుడూ ఎక్కువే. తన్నుకు భయపడినవాడు ట్రిగ్గర్ నొక్కే క్షణానికి ముందే కళ్ళు మూస్తాడు, భుజం బిగిస్తాడు. గుండు జింక గుండెకు కాక పొట్టకు తగులుతుంది. పొట్టకు దెబ్బతిన్న జింక పొదల్లోకి వెళ్ళి గంటల తరబడి బాధపడుతూ చస్తుంది. మీ భూమిలో రెడ్ డీర్ గాని పెద్ద ఫాలో జింకల మందలు గాని ఉన్నాయని మీరు రాయలేదు. అవి ఉంటే నేనే .308ను, లేదా 2007లో వచ్చి ఇప్పుడు బాగా వ్యాపించిన 6.5 క్రీడ్‌మూర్‌ను సూచించేవాడిని. క్రీడ్‌మూర్ తన్ను .308 కన్నా తక్కువ, గాలికి చెదరడమూ తక్కువ.

చిన్నవాటి సంగతి త్వరగా ముగిస్తాను. .22 లాంగ్ రైఫిల్ కుందేలుకు. నక్కకు కాదు, అందులోనూ తడినేల మీదా నీటి మీదా దాని గుండు గెంతి దారి మళ్ళే తీరు చాలా ప్రమాదకరం. .17 హెచ్.ఎం.ఆర్. గుండు 17 గ్రెయిన్లది, శక్తి 245 ఫుట్-పౌండ్లు మాత్రమే. చాలా దగ్గర నుంచి నేర్పరి చేతిలో తప్ప నక్కకు అది చాలదు, కొత్తవారికి వద్దనే అంటాను. నక్క కోసమే పుట్టినట్టుండేవి .222, .223, .22-250. వీటిలో .22-250 మిక్కిలి వేగమైనది, దూరపు నక్కకు పేరుపొందినది, కాని కోళ్ళ షెడ్ల చుట్టూ నూరు గజాలలో కాల్చవలసిన మీకు ఆ వేగం అక్కరలేదు. .223కు తూటా చవక, తన్ను దాదాపు లేదు, గుండు ఎక్కడ తగిలిందో స్కోపులోనే (గురిచూసే దుర్బిణిలోనే) చూడవచ్చు.

అయినా మీకు మొదటి రైఫిల్‌గా .243 విన్‌చెస్టర్‌నే సూచిస్తున్నాను. మీ యజమాని మాటే సరైనది. .308 తూటా మెడను సన్నం చేసి 1955లో దీనిని తెచ్చారు. 100 గ్రెయిన్ల గుండును సుమారు 2960 అడుగుల వేగంతో పంపి 1900 ఫుట్-పౌండ్లకు పైగా శక్తినిస్తుంది. అందుచేత ఇంగ్లండులో రో, మంట్‌జాక్, అవసరమైతే ఫాలో, అన్నింటికీ చట్టబద్ధం. నక్కకు ఎక్కువే, కాని నక్క మాంసం ఎవరూ తినరు, తోలు కోసం మీరు కొట్టడం లేదు కాబట్టి ఆ ఎక్కువ వల్ల నష్టం లేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. .243 కొన్నవారిలో ఎక్కువమంది దానిని రెండు తూటాలతో వాడాలని చూస్తారు: నక్కకు 55 లేక 58 గ్రెయిన్ల తేలికపాటి గుండు, జింకకు 100 గ్రెయిన్లది. దుకాణంలో వినడానికి అందంగానే ఉంటుంది. కాని రెండు గుండ్లూ ఒకే చోట తగలవు. నూరు గజాల దగ్గర వాటి మధ్య అంగుళమో రెండంగుళాలో తేడా రావచ్చు, ఒక్కొక్క రైఫిల్‌లో పక్కకు కూడా జరుగుతాయి. స్కోపును ఒకదానికి సరిచేస్తే రెండవది తప్పుతుంది. ప్రతిసారీ తిప్పుతూ పోతే, చలిలో చీకటిలో ఏ తూటాకు తిప్పి ఉంచారో మరచిపోయే రోజు తప్పకుండా వస్తుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. 58 గ్రెయిన్ల గుండు దాదాపు 3900 అడుగుల వేగంతో పోతుంది కాబట్టి లెక్కప్రకారం 1700 ఫుట్-పౌండ్లను దాటుతుంది, ఇంగ్లండులో రో జింకకు కనీస గుండు బరువు అనే నియమం లేదు. అంటే అది చట్టవిరుద్ధం కాదు. కాని ఆ గుండును చర్మం తగలగానే పగిలిపోయేటట్టు తయారుచేస్తారు. జింక భుజానికి తగిలితే లోపలికి దిగకుండా పైపైనే పెద్ద గాయం చేసి ఆగిపోవచ్చు. జేబులో రెండు రకాల తూటాలు ఉన్నవాడు ఏదో ఒక సాయంత్రం తప్పు తూటాతో జింకను కాలుస్తాడు. చట్టం ఒప్పుకున్నదల్లా జంతువుకు దయగల చావునివ్వదు; ఈ పనిలో ఉన్నవారు చట్టం గీసిన గీత కన్నా పై గీత మీదనే నిలబడాలని నా నమ్మకం. అందుచేత జింకకు తగిన ఒకే ఒక తూటాను ఎంచుకుని, నక్కకు కూడా దానినే వాడండి. నూరు గజాల దగ్గర అంగుళం ఎత్తున తగిలేటట్టు సరిచేస్తే, నూట యాభై గజాల లోపల మీరు గురిని మార్చవలసిన అవసరమే రాదు. ఆ దూరం దాటి కాల్చవలసిన పని మీ కమతంలో లేదు.

ఆ ఒక్క తూటాలో ఏ గుండు అన్నది ఇప్పుడు కొంచెం ఆలోచించవలసిన విషయమైంది. సీసపు మందుగుండును చాలావరకు తొలగించే నిర్ణయాన్ని బ్రిటన్ ప్రభుత్వం 2025 జూలైలో ప్రకటించింది. మారడానికి మూడేళ్ళ గడువు ఇస్తామన్నది. రైఫిల్ గుండ్లకు ఆ గీతను 6.17 మిల్లీమీటర్ల దగ్గర గీశారు. .243 గుండు వ్యాసం సరిగ్గా అంతే కావడం వల్ల అది ఆ నిషేధంలోకి వస్తుంది, .223 రాదు. కాబట్టి ఈ రోజు కొనే రైఫిల్‌ను రాగి గుండుతో పరీక్షించి కొనడం వివేకం. రాగి సీసం కన్నా తేలిక కాబట్టి అదే బరువుకు గుండు పొడవు పెరుగుతుంది. పొడవైన గుండు నిలకడగా పోవాలంటే బ్యారెల్ లోపలి మెలిక బిగువుగా ఉండాలి. .243లో పదంగుళాలకు ఒక చుట్టు తిరిగే మెలికే ఎక్కువగా కనిపిస్తుంది, దానికి 80 గ్రెయిన్ల రాగి గుండు సాధారణంగా ఇబ్బంది పెట్టదు, శక్తి కూడా 1700 పైనే ఉంటుంది. ఎనిమిదంగుళాల మెలిక దొరికితే ఇంకా మంచిది. రాగి గుండు ముక్కలు కాకుండా జంతువును దాటి బయటికి వస్తుంది కాబట్టి వెనక మట్టికట్ట విషయం మరింత ముఖ్యమవుతుందని కూడా గుర్తుంచుకోండి.

రైఫిల్ ఏ కంపెనీది అన్నది మీరు అనుకుంటున్నంత పెద్ద ప్రశ్న కాదు. పేరున్న ఏ తయారీదారు బోల్ట్ రైఫిలైనా మీకన్నా బాగానే కాలుస్తుంది. బాగా చూసుకున్న పాత రైఫిల్ కొని, మిగిలిన డబ్బుతో మంచి స్కోపు కొనండి; తొలివెలుగులోనూ సంధ్యవేళలోనూ జింక కనిపించేది రైఫిల్‌లో కాదు, అద్దంలో. చప్పుడు తగ్గించే మోడరేటర్ మీ చెవులకోసమూ పొరుగువారికోసమూ అవసరం. దానిని బిగిస్తే పొడవు పెరుగుతుందని బ్యారెల్‌ను మరీ పొట్టిగా తీసుకోవద్దు: 18 అంగుళాల బ్యారెల్‌లో కొన్ని .243 తూటాల వేగం పడిపోయి, శక్తి చట్టపు గీత అంచుకు జారుతుంది. 20 నుంచి 22 అంగుళాలు తీసుకోండి.

వేళల విషయంలో నక్కకూ జింకకూ ఉన్న తేడాను మనసులో గట్టిగా నిలుపుకోవాలి. నక్కను రాత్రి దీపంతోగాని థర్మల్ స్కోపుతోగాని కాల్చవచ్చు. జింకను సూర్యాస్తమయమైన గంట తరువాత నుంచి సూర్యోదయానికి గంట ముందు వరకు కాల్చకూడదు. ఒకే రైఫిల్, ఒకే తూటా, ఒకే స్కోపు ఉన్నప్పుడు రాత్రి నక్క కోసం కూర్చున్నవారి ముందుకు రో జింక వచ్చి నిలబడితే, కాల్చకుండా రైఫిల్‌ను దించేయవలసిందే. థర్మల్ స్కోపులో వేడి మాత్రమే తెల్లగా కనిపిస్తుంది, ఆ వేడి వెనక మట్టి ఉందో ఇల్లు ఉందో కనిపించదు, పొరుగువారి కుక్క కూడా దూరం నుంచి నక్కలాగే ఉంటుంది. పగటిపూట నడిచి చూసి, ఏ మంచె మీద నుంచి ఏ దిక్కుకు కాల్చవచ్చునో ముందే నిర్ణయించుకున్న చోట్ల తప్ప రాత్రి కాల్చవద్దు. కాలాలు కూడా ఉన్నాయి: ఇంగ్లండులో మగ రో జింకకు ఏప్రిల్ 1 నుంచి అక్టోబరు 31 వరకు, ఆడదానికి నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు అనుమతి. మంట్‌జాక్ ఏడాది పొడుగునా ఈనుతుంది కాబట్టి దానికి మూసివేత కాలం లేదు. కాని పాలు తాగే పిల్ల ఉన్న తల్లిని చంపితే పిల్ల ఆకలితో చస్తుంది, అందుకని లేత ఆడవాటినీ నిండు చూలుతో ఉన్నవాటినీ ఎంచుకోవడం అక్కడి పద్ధతి. వినడానికి కఠినంగా ఉన్నా, అనాథ పిల్లలను మిగల్చని దారి అదే. వసంతంలో బొరియలో కూనలున్న ఆడనక్క విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి.

నక్కలను ఎన్నింటిని కొట్టినా ఖాళీ అయిన చోటికి వేరే నక్క వస్తుంది. కోళ్ళ చుట్టూ విద్యుత్ కంచె సరిగా లేకుండా రైఫిల్ మీద ఆధారపడితే ఏటా అదే పని చేస్తూ ఉంటారు. కంచె పని రైఫిల్ కన్నా ముందు పూర్తి చేయించండి. ఆ తరువాత కంచెను దాటడం నేర్చిన ఒకటీ అరా నక్క కోసం మాత్రమే రైఫిల్ తీస్తారు.

దరఖాస్తు ఫారంలో .243 ఒకటి, దాని మోడరేటర్, నక్కలకూ జింకలకూ అని కారణాన్ని స్పష్టంగా రాయండి. 1968 నాటి తుపాకుల చట్టం ప్రకారం ప్రతి రైఫిల్‌కూ తగిన కారణం చూపాలి. కారణంలో నక్క అని మాత్రమే రాస్తే, తరువాత జింక కోసం మళ్ళీ మార్పు కోరవలసి వస్తుంది. సర్టిఫికెట్ వచ్చేదాకా ఖాళీగా కూర్చోనక్కరలేదు. సర్టిఫికెట్ ఉన్న మీ యజమాని తన సొంత భూమిలో, తాను పక్కనే ఉండి తన రైఫిల్‌ను మీకు ఇచ్చి కాల్పించడానికి అక్కడి చట్టంలో వీలుంది, ఆయన దగ్గర .243 ఉంటే ముందు దానితో కాగితం మీద కాల్చి చూడండి. అదే సమయంలో డీర్ స్టాకింగ్ సర్టిఫికెట్ మొదటి స్థాయి కోర్సు చేయండి. అందులో జాతులను గుర్తించడం, చట్టం, మాంసం శుభ్రత, కాల్పుల పరీక్ష అన్నీ ఉంటాయి, పోలీసులు కూడా దానిని గౌరవిస్తారు. నూరు గజాల దగ్గర, మంచె అంచుకు ఆనించి, వరుసగా వేసిన గుండ్లన్నీ మీ అరచేతిలో పట్టేంత చోటులోనే పడుతున్నాయని, అదీ ఒక మంచి రోజున కాక ఎప్పుడు కాల్చినా పడుతున్నాయని తేలిన తరువాతనే మొదటి రో జింక కోసం మంచె ఎక్కండి.